నాగోల్‌లో నేను నమ్మే పంచర్ షాపు

హైదరాబాద్‌లో నాగోల్ నుంచి బండ్లగూడ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన ఒక చిన్న పంచర్ షాపు ఉంది. బోర్డు లేదు. నిలబెట్టిన పాత టైరు మీద ఎర్ర రంగుతో 'ట్యూబ్‌లెస్ పంచర్' అని రాసుంటుంది. రోజూ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి గచ్చిబౌలి వెళ్లే నేను, కారుకు గాలి ఇక్కడే కొట్టించుకుంటాను.

చాలాచోట్ల ఏ కారొచ్చినా 35 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) కొట్టి పంపేస్తారు. ఒక బంకులో నాకు 40 ఎక్కించి, 'ఎండలకి అదే తగ్గుతుంది మేడమ్' అన్నారు. ఎండకు టైర్లో ప్రెషర్ పెరుగుతుంది కానీ తగ్గదు! ఇక్కడ భాయ్ ముందు డ్రైవర్ డోర్ తెరవమంటాడు. అక్కడుండే కంపెనీ స్టిక్కర్ చదివాకే పైపు అందుకుంటాడు. నా కారుకు 33. ఇంటిల్లిపాదీ డిక్కీ నిండా సామాన్లతో సూర్యాపేట బయల్దేరితే, వెనక టైర్లకు ఫుల్ లోడ్ అని రాసినంత పెంచుతాడు. టైరు మీద అచ్చేసి ఉండే నంబరు కొట్టమని కొందరు అడుగుతుంటారు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మన కారుకు కావాల్సిన లెక్క కాదు.

ఎంత దూరం నుంచి వస్తున్నామో కూడా అడుగుతాడు. టైరు వేడి మీద ఉంటే మీటరు రెండు మూడు పాయింట్లు ఎక్కువే చూపిస్తుంది. ఒకసారి ఆఫీసు నుంచి నేరుగా వెళ్తే, 'పొద్దున రా అక్కా, చల్లగా ఉన్నప్పుడు చూద్దాం' అని పంపేశాడు.

ఆమధ్య వెనక టైరొకటి ఊరికే దిగిపోతుంటే తీసుకెళ్లాను. టైరంతా తడిమినా మేకు దొరకలేదు. వాల్వ్ మీద సబ్బు నురగ వేశాడు. ఆవగింజంత బుడగ లేచి పగిలింది, మళ్లీ లేచింది. పిన్ను మార్చి, మళ్లీ నురగ వేసి, బుడగ రావట్లేదని నాకు చూపించాకే మూత బిగించాడు. గాలి తక్కువున్న టైరుతో ఓఆర్ఆర్ మీద 100లో వెళ్తే, దాని పక్కలు నలిగి నలిగి వేడెక్కుతాయి. టైర్లు పేలేది ఎక్కువగా అలాగే. అందుకే ఆ చిన్న బుడగని వదలకుండా పట్టుకున్నందుకు అతనికి నేను నిజంగా రుణపడి ఉన్నాను.

టైర్లలో గాలికి బదులు నింపే నైట్రోజన్ ఇక్కడ లేదు. అడిగితే 'మామూలు హవా చాలక్కా, నెలకోసారి చూపించుకో' అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. కారు ఆపడానికి చోటు తక్కువ, పనివాడు లేడు. సాయంత్రమైతే ఆటోలు వరస కడతాయి, కాబట్టి పొద్దున్నే వెళ్లండి. మీటరు అద్దం మసకబారింది కానీ, నా దగ్గరున్న చిన్న మీటరుతో పోల్చి చూశాను, లెక్క సరిగ్గానే ఉంది. నాలుగు టైర్లకు 20 రూపాయలు. స్టెప్నీ మాత్రం తనంతట తాను చూడడు, డిక్కీ తెరిచి మీరే అడగాలి. దానికి విడిగా డబ్బు తీసుకోడు.