ఇల్లు దాటని పిల్లికి మేత బంతి

బాల్కనీకి ఇంకా జాలీ బిగించనందున ఇంట్లోనే ఉంచవలసి వస్తున్న మా పిల్లి కోసం హనుమకొండలోని ఒక పెంపుడు జంతువుల దుకాణంలో ఈ ప్లాస్టిక్ మేత బంతిని కొన్నాను. మూత తిప్పి రంధ్రాన్ని చిన్నదిగానో పెద్దదిగానో అమర్చుకోవచ్చు. లోపల పొడి మేత నింపి పెడితే, పిల్లి పంజాతో దొర్లించినప్పుడల్లా ఒకటి రెండు పలుకులే రాలతాయి కనుక, గిన్నెలో పోస్తే క్షణాల్లో ఖాళీ చేసే మేత కోసం అది వేటాడినట్టే మాటువేసి, తరిమి, పట్టుకుని తింటోంది. అయితే షాబాద్ బండల మీద చప్పుడు విపరీతం. పిల్లులు తెల్లవారుజామునే చురుకుగా ఉంటాయి కాబట్టి, కింది వాటావారి నిద్ర తలచుకుని చాప పరచాను. జతగా ఇచ్చిన ఈకల కర్ర బాగుంది గానీ, దాని దారం మింగితే పేగులకు ప్రమాదం కనుక ఆట ముగియగానే అల్మారాలో పెట్టాలి. తడి మేతకు ఈ బంతి పనికిరాదు, జిడ్డు పట్టిన మూతను పాత టూత్‌బ్రష్‌తో తోమక తప్పదు.