బ్లెచ్లీ పార్క్: డెనిస్టన్ గారి గది కోసమైనా వెళ్ళండి

మా అమ్మాయి దగ్గరికి లండన్ వచ్చి నెలన్నరైంది. మ్యూజియం అంటేనే నా మోకాళ్ళకి టెన్షన్. కానీ మనవరాలు పట్టుబట్టడంతో యూస్టన్‌లో రైలెక్కక తప్పలేదు. బ్లెచ్లీలో దిగి ఐదు నిమిషాలు నడిస్తే గేటు. రైలెక్కే ముందు ఎక్కడో కొన్న శాండ్‌విచ్ అట్టముక్కలా ఉంది, పులిహోర కట్టుకెళ్ళాల్సింది. టికెట్ ఖరీదే, అయితే ఒకసారి కొంటే ఏడాది పాటు ఎన్నిసార్లయినా రావచ్చు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఎనిగ్మా అనే యంత్రంతో రహస్య సంకేతాల్లోకి మార్చి పంపిన సందేశాలను ఇంగ్లీషువాళ్ళు విప్పింది ఇక్కడే. ఆ పని చేసినవాళ్ళలో పేరున్న లెక్కల పండితుడు ట్యూరింగ్. జనమంతా పలకరాతి ముక్కలు పేర్చి చేసిన ఆయన విగ్రహం దగ్గర ఫొటోలు దిగుతున్నారు. బాగుంది, మేమూ దిగాం. నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం చెరువుకి ఎదురుగా ఉన్న బంగళాలో, అప్పట్లో ఇక్కడ పెద్దాయన అయిన డెనిస్టన్ గదిలో.

1941 ఫిబ్రవరి. అమెరికా ఇంకా యుద్ధంలోకి దిగలేదు. అర్ధరాత్రి వేళ నలుగురు అమెరికన్లు ఈ గదికి వచ్చారు. వాళ్ళలో సింకోవ్ అనే ఆయన లెక్కల మనిషి. జపాన్ దౌత్య సందేశాలను విప్పే పర్పుల్ యంత్రం వాళ్ళ వెంట ఉంది. జపాన్ వాళ్ళ అసలు యంత్రాన్ని కంటితో చూడకుండానే, సందేశాలను బట్టి ఊహించి కట్టిన నకలు అది. షెర్రీ తెచ్చి పొయ్యి, వీళ్ళెవరో మాత్రం ఎవరికీ చెప్పొద్దని డెనిస్టన్ తన సెక్రటరీకి చెప్పాడట.

నేను బ్యాంకులో హెడ్ క్యాషియర్‌గా రిటైరయ్యాను. స్ట్రాంగ్ రూమ్‌కి రెండు తాళంచెవులు, ఒకటి నాది, ఒకటి మేనేజరుది. ఎంత మంచి మేనేజరైనా నా తాళంచెవి ఆయన చేతికి ఏనాడూ ఇవ్వలేదు. అలాంటిది, పరాయి దేశానికి సముద్రం దాటి వచ్చి ముందు తమ పెట్టె తెరిచిన ఈ నలుగురిని చూస్తే నాకు భయమేసింది.

మరి ఇంగ్లీషువాళ్ళు ఏమిచ్చారు? ఎనిగ్మా గుట్టు చెప్పారు. కానీ తిరిగి వెళ్ళాక ఎవరికి చెప్పవచ్చో కూడా షరతు పెట్టి సంతకం చేయించుకున్నారు. సందేశాలు విప్పడానికి వాడే బాంబ్ యంత్రం ఒక్కటీ చేతికివ్వలేదు. మనల్ని తక్కువ తూకం తూచారని వాషింగ్టన్‌లో కొందరు తర్వాత గుర్రుమన్నారు. ఇద్దరూ కూర్చుని సరైన ఒప్పందం రాసుకునేసరికి 1943 వచ్చింది. 1946 మార్చి 5న దాన్నే పెద్దది చేశారు. తర్వాత కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ చేరాయి. ఇవాళ ఫైవ్ ఐస్ (ఐదు కళ్ళు) అంటున్న ఐదు దేశాల గూఢచార కూటమి ఇదే. ఆ కాగితాలను జనానికి చూపించింది 2010లో.

ఇంగ్లీషువాళ్ళని నేను తప్పు పట్టను. నోటు పోతే సాయంత్రం లెక్క దగ్గర దొరికిపోతుంది. రహస్యం పోతే పోయిన సంగతే తెలియదు. అయినా అంత కట్టుదిట్టంలోనూ ఇక్కడే, హట్ 3 అనే చెక్క షెడ్డులో, పని చేసిన కేర్న్‌క్రాస్ మాస్కోకి కాగితాలు చేరవేశాడు. మా ఆడిట్లలోనూ ఇదే చూశాం. బయటి దొంగకి ఇనుప తలుపు, లోపలివాడికి పొద్దున్నే కాఫీ.

హట్ 6 నుంచి హట్ 3కి గోడ సందులోంచి ట్రేలో కాగితాలు తోసేవారట. చీపురు కర్రతో! అటువైపు ఎవరున్నారో, వాటిని ఏం చేస్తున్నారో అడగకూడదు. మనవరాలికి ఇది తెగ నచ్చింది.

బయట గుర్రపుశాల వాకిట్లో, తెరిచిన పుస్తకంలా ఓ స్మారకం ఉంది. తొందరలో దాటి వెళ్ళిపోకండి. ఎనిగ్మాను 1932లోనే మొదట ఛేదించింది పోలండ్ లెక్కల పండితులు: రెయెవ్‌స్కీ, రుజిత్స్కీ, జిగాల్‌స్కీ. యుద్ధానికి ఐదు వారాల ముందు, 1939 జూలైలో, పోలండ్ వాళ్ళు వార్సా దగ్గరి అడవికి ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్ళని పిలిచి తమకు తెలిసిందంతా చెప్పేశారు. చెరొక ఎనిగ్మా నకలు యంత్రం కూడా ఇచ్చారు. సంతకాల్లేవు, షరతుల్లేవు.

"మరి వాళ్ళని ఇక్కడ పనిలోకి తీసుకున్నారా అమ్మమ్మా?" అంది మనవరాలు.

రుజిత్స్కీ 1942లో ఓడ మునిగి చనిపోయాడు. మిగిలిన ఇద్దరూ ఫ్రాన్స్ నుంచి తప్పించుకుని, స్పెయిన్‌లో జైలు పాలై, 1943లో ఇంగ్లండ్ చేరారు. బ్లెచ్లీలోకి రానివ్వలేదు. బాక్స్‌మూర్ అనే చోట, పోలండ్ సైన్యం వాళ్ళ యూనిట్‌లో, చిన్నాచితకా సంకేతాలు విప్పే పనిలో పెట్టారు.

చూడటానికి పూట సరిపోదు, పొద్దున్నే వెళ్ళండి. చెరువు చుట్టూ బెంచీలున్నాయి, నాలాంటి వాళ్ళకి ఊరట. ఐదుకి ఐదు మార్కులూ వేస్తున్నాను.

తిరుగు రైలు హెమెల్ హెంప్‌స్టెడ్‌లో ఆగింది. బాక్స్‌మూర్ అంటే ఆ స్టేషన్ ఉన్న చోటేనట, ఫోన్‌లో చూసి మా అమ్మాయి చెప్పింది. బ్లెచ్లీ నుంచి అరగంట కూడా పట్టలేదు.