ర్యాబిట్‌ఎంక్యూ: 3.13లోనే ఉందామా, 4.0కి వెళ్దామా, కాఫ్కాకి మారిపోదామా?

ఒక ప్రోగ్రాం పంపే మెసేజ్‌లను వరుసలో (క్యూలో) ఉంచి ఇంకో ప్రోగ్రాంకి అందించే సాఫ్ట్‌వేర్ ర్యాబిట్‌ఎంక్యూ. దాని 4.0 వెర్షన్ వచ్చింది 2024 సెప్టెంబరులో. అప్పటి నుంచి మా టీంలో ఇదే పంచాయితీ. "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం?" అని ఒకరు. "ఎలాగూ కెలకాల్సిందే కదా, ఏకంగా కాఫ్కాకి పోదాం" అని ఇంకొకరు. కాఫ్కా కూడా మెసేజ్‌లు మోసే సాఫ్ట్‌వేరే. ఇద్దరివీ తీసిపారేసే మాటలు కావు. ముందు 4.0లో అసలు ఏం మారిందో చూద్దాం.

మూడు నోడ్లు (సర్వర్లు) కలిపి క్లస్టర్ పెట్టి, పాలసీలో (క్యూలకు వర్తించే సెట్టింగ్‌లో) ఒక లైను రాసి, ప్రతి క్యూకీ కాపీలున్నాయని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నవాళ్లు చాలామందే. వాళ్లు వాడింది క్లాసిక్ మిర్రర్డ్ క్యూలు, అంటే క్లాసిక్ అనే మామూలు రకం క్యూలకు వేరే నోడ్ల మీద కాపీలుంచే పాత పద్ధతి. వాటిని తీసేస్తామని 2021 నుంచీ చెబుతూనే ఉన్నారు. 4.0లో నిజంగానే తీసేశారు. చిక్కేమిటంటే, అప్‌గ్రేడ్ చేసినప్పుడు ఎర్రర్ ఏదీ రాదు. పాలసీలో మనం రాసిన మిర్రరింగ్ లైనును కొత్త వెర్షన్ పట్టించుకోదు, అంతే. క్యూలు ఉంటాయి, మెసేజ్‌లు నడుస్తాయి, ఒక్కో క్యూకి ఒక్క కాపీ మాత్రమే మిగులుతుంది.

మేము స్టేజింగ్‌లో (ముందుగా పరీక్షించే సర్వర్లలో) ఇది కళ్లారా చూశాం. అప్‌గ్రేడ్ అయింది, మేనేజ్‌మెంట్ పేజీ అంతా పచ్చగా ఉంది. అలవాటు ప్రకారం ఒక నోడ్‌ని ఆపాం. ఇదివరకైతే ఇంకో నోడ్ అందుకునేది. ఈసారి సగం కన్స్యూమర్లు (మెసేజ్‌లు చదివే ప్రోగ్రాంలు) 404 ఎర్రర్‌తో పడిపోయాయి: క్యూ ఉన్న నోడ్ అందుబాటులో లేదట. ఇదే ప్రొడక్షన్‌లో అర్ధరాత్రి జరిగి ఉంటే టెన్షన్ ఎలా ఉండేదో చెప్పక్కర్లేదు.

అయితే 3.13లోనే ఉండిపోతే? కొన్నాళ్లు నడుస్తుంది. ఒకే నోడ్ మీద నడిపే చిన్న అప్లికేషన్‌కైతే ఈ మిర్రరింగ్ గొడవే లేదు, తీరిక దొరికినప్పుడు మారొచ్చు. క్లస్టర్ ఉన్నవాళ్లకు మాత్రం నేను ఆ సలహా ఇవ్వను. కొత్త సిరీస్ వచ్చాక పాతదానికి ఉచితంగా ప్యాచ్‌లు రావు. పైగా మిర్రర్డ్ క్యూలేమంత గొప్పగా పనిచేశాయని? పడిపోయిన నోడ్ తిరిగి లేచిందంటే దాని కాపీని మొదటి నుంచీ నింపాలి. క్యూలో లక్షల మెసేజ్‌లుంటే అది పూర్తయ్యేదాకా క్యూ స్తంభించిపోయేది. వీటి స్థానంలో ఇప్పుడు వాడాల్సిన క్వోరమ్ క్యూలు 2019లో 3.8తోనే వచ్చాయి. ఇవి రాఫ్ట్ అనే పద్ధతి మీద నడుస్తాయి. సగానికి మించిన నోడ్లకు చేరాకే మెసేజ్ భద్రం అని ఒప్పుకుంటాయి. తిరిగి లేచిన నోడ్‌కి అది లేనప్పుడు వచ్చినవి మాత్రమే అందితే చాలు.

కానీ క్వోరమ్ ఊరికే రాదు. డిస్క్ మీద భారం బాగా పెరుగుతుంది, నెమ్మది డిస్క్ పెట్టుకుంటే ఏడిపిస్తుంది. మూడు నోడ్లుంటే ఒకటి పోయినా తట్టుకుంటుంది. రెండే ఉంటే ఒకటి పోగానే మెజారిటీ పోయినట్టే. జవాబు అందుకోవడానికి కాసేపు పెట్టుకునే తాత్కాలిక రిప్లై క్యూలు ఇందులో పెట్టడం కుదరదు, అవి క్లాసిక్‌లోనే ఉండాలి. 4.0లో ప్రాధాన్యాలు కూడా రెండే రకాలు, మామూలు, ఎక్కువ. పది మెట్ల ప్రయారిటీ మీద లాజిక్ కట్టుకున్నవాళ్లు మళ్లీ ఆలోచించుకోవాలి.

మమ్మల్ని బాగా దెబ్బ తీసింది ఇంకొకటి. క్వోరమ్ క్యూలో ఒక మెసేజ్ ఎన్నిసార్లు తిరిగి రావచ్చనే దానికి 4.0 సొంతంగా హద్దు పెట్టింది: 20 సార్లు. ఆ హద్దు దాటితే డెడ్ లెటర్ ఎక్స్ఛేంజ్‌కి (విఫలమైన మెసేజ్‌లను పక్కకు మళ్లించే దారికి) పంపుతుంది. అది పెట్టి ఉండకపోతే పారేస్తుంది. మా బిల్లుల కన్స్యూమర్ ఒక ఆర్డర్‌లో ఖాళీగా ఉన్న పన్ను నంబర్ చూసి ప్రతిసారీ బోల్తా పడి, మెసేజ్‌ని క్యూలోకి తిప్పి పంపేది. పాత క్యూలో అయితే అది గానుగెద్దులా తిరుగుతూనే ఉండేది, లాగ్ నిండిపోయి ఎవరో ఒకరు చూసేవారు. కొత్తదాంట్లో మెసేజే మాయమైంది. ఆ బిల్లు ఎటు పోయిందో తెలియక సగం రోజు వెతికాం. హద్దు ఉండటం మంచిదే, తప్పు మాదే. డెడ్ లెటర్ పెట్టకుండా క్వోరమ్‌లోకి దిగకండి.

ఇక కాఫ్కా. 2025 మార్చిలో వచ్చిన కాఫ్కా 4.0తో జూకీపర్ (క్లస్టర్‌ను సమన్వయపరిచే విడి సాఫ్ట్‌వేర్) పీడ పూర్తిగా వదిలింది. ఇప్పుడు ఆ పనికి కాఫ్కాలోనే ఉన్న క్రాఫ్ట్ ఒక్కటే, కాబట్టి నడపడం ఇదివరకంత భారం కాదు. కానీ అసలు తేడా అక్కడ లేదు. ర్యాబిట్ రిజిస్టర్ పోస్టు లాంటిది: ఉత్తరం చేతికిచ్చి సంతకం తీసుకున్నాక ఆఫీసులో దాని ఊసుండదు. కాఫ్కా కొట్లో రాసే చిట్టా. రాసింది రాసినట్టే ఉంటుంది, డిఫాల్ట్‌గా 7 రోజులు. ఎవరి పేజీ గుర్తు వాళ్లదే, కావాలంటే వెనక్కి తిప్పి మళ్లీ చదువుకోవచ్చు. ఆర్డర్ల సమాచారాన్నే అకౌంట్సూ, అనలిటిక్సూ, రేపు పుట్టబోయే ఇంకో టీమూ చదవాలంటే కాఫ్కాయే మేలు, అందులో వాదన లేదు.

మా పని అది కాదు. ఓటీపీ పంపు, బిల్లు ముద్రించు, మెయిల్ కొట్టు. ఒక్కో పని ఒకరికి అంది, అయిపోవాలి. మామూలు కాఫ్కా కన్స్యూమర్ గ్రూపులో పార్టిషన్లు (చిట్టాను విడగొట్టిన భాగాలు, ఒక్కోదాన్ని ఒక కన్స్యూమరే చదువుతుంది) ఆరుంటే ఏడో కన్స్యూమర్ ఖాళీగా కూర్చుంటుంది. ముందున్న ఒక బిల్లు మొరాయిస్తే ఆ పార్టిషన్‌లో వెనకవాటికి దారి ఎలాగన్నది మనమే రాసుకోవాలి. క్యూల్లాగా వాడుకునే షేర్ గ్రూపులు కాఫ్కా 4.0లో ముందస్తు పరీక్ష దశలోనే వచ్చాయి. ఇంత పనికి కోడంతా తిరగరాయడం నాకు దండగనిపించింది.

కాబట్టి మేము పట్టిన దారి: ముందు 3.13లో ఉండగానే క్యూలు మార్చడం, వెర్షన్ మార్చడం తర్వాత. ఉన్న క్యూ రకాన్ని అక్కడికక్కడ మార్చలేం. కొత్త పేరుతో క్వోరమ్ క్యూ పెట్టి, పంపేవాళ్లను అటు మళ్లించి, పాతది ఖాళీ అయ్యేవరకూ రెండింటినీ చదివించాం. ఆ తర్వాత స్థిరపడిన (స్టేబుల్) ఫీచర్ ఫ్లాగులన్నీ, అంటే కొత్త సదుపాయాల స్విచ్‌లన్నీ ఆన్ చేశాం, లేకపోతే 4.0 నోడ్ లేవనే లేవదు. 3.13 కంటే పాతదాంట్లో ఉన్నవాళ్లు ముందు అక్కడికి రావాలి. మెటాడేటా (క్యూల పేర్లు, సెట్టింగ్‌ల వంటి వివరాలు) దాచడానికి వచ్చిన కెప్రీ అనే కొత్త స్టోర్‌ని ఇప్పటికి ముట్టుకోలేదు, ఒకేసారి రెండు మార్పులెందుకని.

చివర్లో ఒకటి తగిలింది. మెసేజ్ గరిష్ఠ సైజు ఇదివరకు 128 ఎంబీ ఉండేది, 4.0లో 16కి దించారు. సెట్టింగ్‌లో పెంచుకోవచ్చు, కానీ వెతికితే ఒక టీం ఏకంగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లను క్యూలో తోస్తోందని తేలింది. పెంచలేదు. ఫైలు స్టోరేజీలో పెట్టి లింకు మాత్రమే పంపమన్నాం. రెండు రోజులు గొణిగి, మార్చుకున్నారు.