కొత్తవని అంటగడుతున్న 16 టీబీ నాస్ డిస్కులు – జాగ్రత్త

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు పెళ్లి వీడియోలు తీసే స్టూడియోలవాళ్లూ, చెరువుల మీద సీసీ కెమెరాలు పెట్టిన రైతులూ ఈమధ్య పెద్ద నాస్‌లు (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే డిస్కుల నిల్వ పెట్టెలు) కట్టించుకుంటున్నారు. వాళ్ల కోసమే ఇది. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర మూడో వంతు తక్కువ రేటుకి, సీల్డ్ ప్యాక్ అంటూ నాలుగు 16 టీబీ సీగేట్ ఎక్సోస్ డిస్కులు వచ్చాయి. స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం, వాడకం గురించి ఇచ్చే లెక్క) నడిచిన గంటలు 11. అదే డిస్కులో ఫార్మ్ లాగ్ తీస్తే 26,400. అంటే మూడేళ్లు రాత్రీపగలూ తిరిగిన సరుకు.

స్మార్ట్ అంకెల్ని సున్నా చేయడం ఇలాంటి అమ్మకందారులకి బండి మీటరు వెనక్కి తిప్పినంత తేలిక. ఫార్మ్ అనేది సీగేట్ డిస్కు తన లోపల విడిగా రాసుకునే లెక్క. 2025 మొదట్లో జర్మనీలో ఈ మోసం పెద్దఎత్తున బయటపడింది. డిస్కు జాగా వాడి పుట్టించే క్రిప్టో నాణెం చియా మైనింగ్‌లో అరిగిన డిస్కులని అనుమానం. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ 7.4 లేదా ఆ తర్వాతి వెర్షన్‌తో ఈ లాగ్ చదవొచ్చు. యూఎస్‌బీ కేసులో పెడితే ఒక్కోసారి రాదు, నేరుగా మదర్‌బోర్డు మీది సాటా పోర్టుకి తగిలించండి. ఫార్మ్‌ని కూడా మార్చేసిన కేసులు తర్వాత వచ్చాయి కాబట్టి కంటితోనూ చూడాలి: కనెక్టర్ బంగారు పట్టీల మీద గీతలు, స్క్రూ రంధ్రాల చుట్టూ గుండ్రటి రాపిడి, లేబుల్ అంచు లేచి ఉండడం. లేబుల్ మీద సీరియల్, సాఫ్ట్‌వేర్ చూపే సీరియల్ ఒకటే కావాలి.

డబ్బు మిగిలిందనుకోవడం కూడా భ్రమేనండి. నాలుగు 16లు రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచే కూర్పు) పెడితే 48 టీబీ; కంప్యూటర్ లెక్కించే పద్ధతి వేరు కాబట్టి దాన్నే 43.6గా చూపిస్తుంది. ఒకటి పోతే మిగతా మూడింటినీ మొదలు నుంచి చివరిదాకా చదివి తిరిగి కట్టడానికి దాదాపు రోజు పడుతుంది. ఒకే వయసు, ఒకే అరుగుదల ఉన్న డిస్కుల్లో రెండోది పోయేది సరిగ్గా అప్పుడే. రెండు డిస్కులు పోయినా నిలిచే రెయిడ్ 6కి వెళ్తే చేతికొచ్చేది 32 టీబీయే. లేదంటే అయిదో డిస్కు కొనాలి. తగ్గిన రేటు అక్కడికే సరి.

డబ్ల్యూడీ (వెస్టర్న్ డిజిటల్) డిస్కులకి ఫార్మ్ లేదు. అక్కడ చూడాల్సింది వేరు: 2 నుంచి 6 టీబీ రెడ్‌లో ఈఎఫ్ఏఎక్స్ మోడళ్లు ఎస్ఎంఆర్ (ట్రాకులు ఒకదాని మీదొకటి ఎక్కించి రాసే రకం, తిరగరాయడం నెమ్మది), రెయిడ్‌కి పనికిరావు. రెడ్ ప్లస్ తీసుకోండి.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, ఆ రోజే టెస్టు మొదలెట్టండి. 16 టీబీ ఒక్కసారి నిండా రాయడానికే 20 గంటల పైన. బ్యాడ్‌బ్లాక్స్ (డిస్కులో పాడైన చోట్లు వెతికే లినక్స్ ప్రోగ్రాం) రైట్ టెస్టు నాలుగు నమూనాలు రాసి, చదువుతుంది. మొత్తం ఎనిమిది దఫాలు, వారం దాటుతుంది. రిటర్న్ గడువు పది రోజులే అయితే ఒక నమూనాతో సరిపెట్టండి. బ్లాక్ సైజు 4096 ఇవ్వాలి, 18 టీబీకీ ఆ పైవాటికీ 8192. లేకపోతే అసలు మొదలే కాదు. మన చెరువుల ఏరియేటర్లు నడిచే కరెంటు ఫీడర్ల మీద ఓల్టేజి సంగతి తెలిసిందే, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది. ఇంటి ఇన్వర్టర్ చాలదు, నాస్‌కి యూఎస్‌బీ తీగతో కబురు చెప్పే యూపీఎస్ కావాలి.

సీరియల్‌ని కంపెనీ సైట్లో కొట్టినప్పుడు వారంటీ లేదనో, ఓఈఎం (కంప్యూటర్ కంపెనీలకి టోకుగా ఇచ్చిన) సరుకనో వస్తే ఆ స్క్రీన్‌షాట్‌నీ ఫార్మ్ అంకెల్నీ కలిపి రిటర్న్ పెట్టండి. అమ్మకందారు నానిస్తే జీఎస్టీ బిల్లు చేతిలో పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.