రెండడుగుల అక్వేరియం: ఆరేళ్లు వాడాక నా అభిప్రాయం

మా హాల్లో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న గాజు ట్యాంకు పెట్టి ఆరేళ్లు దాటింది. దాంతోపాటు కొన్న సామానులో కొంత ఇప్పటికీ పనిచేస్తోంది, కొంత పనికిరాకుండా పోయింది. కొత్తగా అక్వేరియం పెట్టుకునేవాళ్లు ఏ చేపలు బాగుంటాయని ముందు అడుగుతారు. నేనైతే నీళ్ల దగ్గర మొదలుపెట్టమంటాను. ఈ ఆరేళ్లలో నా దగ్గర చనిపోయిన చేపల్లో చాలావరకు మొదటి కొన్ని నెలల్లోనే పోయాయి, కారణం నీళ్లే.

ట్యాంకు తెచ్చిన సాయంత్రమే నీళ్లు నింపాను. మర్నాడు రెండు గోల్డ్ ఫిష్‌లు, నాలుగు గప్పీలు, ఒక సక్కర్ ఫిష్ వేశాను. నాలుగో రోజుకి గప్పీలు పైకొచ్చి నోళ్లు తెరిచి ఎగపోయడం మొదలుపెట్టాయి. నీళ్లు చూస్తే అద్దంలా ఉన్నాయి, ఏం తప్పు జరిగిందో అర్థం కాలేదు. వారం తిరక్కుండా నాలుగూ పోయాయి. చేపల వ్యర్థాల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. అది కంటికి కనపడదు. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషం, మూడోది కొంతవరకు పర్వాలేదు. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా తగినంత ఉండదు, పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా మా నీళ్ల పీహెచ్, అంటే ఆమ్ల, క్షార గుణాల కొలత, దాదాపు ఎనిమిది. పీహెచ్ పెరిగేకొద్దీ అమ్మోనియా ఇంకా ప్రమాదకరమవుతుంది.

మిగిలిన మూడు చేపల్నీ పెద్ద నీటి తొట్టి ఉన్న స్నేహితుడికి ఇచ్చేసి, రెండోసారి మొదలుపెట్టాను. ఈసారి చేపలు లేకుండా ఫిల్టర్ నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేసి అది కుళ్లనిచ్చాను. చుక్కల మందు కలిపి రంగు చూసే టెస్ట్ కిట్ కొన్నాను. మొత్తం సామానులో నేను అందరికీ గట్టిగా చెప్పేది దీని గురించే. అమ్మోనియా పెరిగి తగ్గింది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గింది. ఐదో వారం రెండూ సున్నా చూపించాయి, నైట్రేట్ మాత్రం కనిపించింది. ఖాళీ ట్యాంకు ముందు ఐదు వారాలు ఆగడం కష్టమే, కానీ ఆ తర్వాత వేసిన చేపల్లో మొదటి నెల ఒక్కటీ పోలేదు.

ఫిల్టర్ విషయానికొస్తే, ట్యాంకుతో పాటు వచ్చిన లోపలి మోటారు ఫిల్టర్ రెండో ఏడు ఆగిపోయింది. ఆగకముందు కూడా దాని నీటి ధార గప్పీల తోకల్ని లాగేస్తూ ఉండేది. దాని స్థానంలో పెట్టిన, గాలి పంపుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ నాలుగేళ్లకు పైగా నడుస్తోంది. గాలి పంపు లోపలి రబ్బరు పొర రెండుసార్లు మార్చాను, అంతే. కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టంలోంచి పంపులోకి వెనక్కి రాకుండా మధ్యలో చిన్న వాల్వు పెట్టుకోవాలి. ఒకసారి శుభ్రం చేద్దామని స్పాంజ్‌ని కుళాయి కింద పిండేశాను. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌తో స్పాంజ్‌లో పెరిగిన బ్యాక్టీరియా చాలావరకు పోయి, మూడు రోజుల్లో నైట్రైట్ మళ్లీ కనిపించింది. అప్పటి నుంచి ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండుతున్నాను. కొత్త నీళ్లకు కూడా క్లోరిన్ తీసే మందు తప్పకుండా వేస్తాను. కొన్నిచోట్ల క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ కలుపుతారు, అది క్లోరిన్‌లా ఒక రోజు నిలవ ఉంచినంత మాత్రాన పోదు.

ఇక చేపలు. గోల్డ్ ఫిష్ ఈ ట్యాంకుకి సరిపోదు. మామూలు రకం దాదాపు అడుగు పొడవు పెరగగలదు, వ్యర్థాలు చాలా వదులుతుంది, చల్లని నీళ్లు ఇష్టం. అద్దాలు శుభ్రం చేస్తుందని ఇచ్చే సక్కర్ ఫిష్ అడుగు పొడవు దాటుతుంది, తన వ్యర్థాలతో నీళ్లను ఇంకా పాడు చేస్తుంది. కొనేటప్పుడు అంగుళన్నరే ఉండేసరికి మనకి ఆ సంగతి తట్టదు.

నియాన్ టెట్రాల అందం చూసి మొదట నాలుగే తెచ్చాను. అవి రోజంతా మొక్కల వెనకే దాక్కున్నాయి. ఇంకో ఆరు తెచ్చాక గుంపుగా బయటికొచ్చి తిరగడం మొదలుపెట్టాయి. కానీ వాటి సొంత చోటు అమెజాన్ పరీవాహకంలోని మెత్తటి నీళ్లు. మాది ఖనిజ లవణాలు ఎక్కువుండే కఠిన జలం, అందులో ఏడాదికి పది కాస్తా ఐదయ్యాయి. రెండో విడత ఆరింటితో తెల్ల మచ్చల జబ్బు కూడా వచ్చింది. ఒంటి మీద ఉప్పు కణాల్లా కనిపిస్తుంది. ఆ పరాన్నజీవి చర్మంలో ఉన్నప్పుడు మందు దాన్ని తాకదు, నీళ్లలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే మచ్చలు పోయాక కూడా మందు ఆపకూడదు. అప్పటి నుంచి కొత్త చేప ఏదైనా మూడు వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉన్నాకే ఇందులోకి వస్తుంది.

ఆ నియాన్ల తర్వాత మా నీళ్లకి తగ్గ చేపల్నే చూసుకున్నాను. ప్లాటీలు, గప్పీలు కఠిన జలంలో హాయిగా ఉంటాయి. వాటితో చిక్కు పిల్లలే. గప్పీ తల్లి నెలకోసారి పిల్లల్ని పెడుతుంది, ఒకసారి జతకట్టాక మగ చేప లేకపోయినా కొన్ని నెలల పాటు పెడుతూనే ఉంటుంది. అందుకే ఇప్పుడు మగ గప్పీల్నే ఉంచుతున్నాను. ట్యాంకు అడుగున తిరిగే కోరీలు అనే చిన్న క్యాట్‌ఫిష్‌లు నాకు అన్నిటికన్నా ఇష్టం. పదునైన గులకరాళ్ల మీద వాటి మీసాలు అరిగిపోతుంటే రాళ్లన్నీ తీసేసి సన్నని ఇసుక పరిచాను. అవి ఉన్నట్టుండి పైకి దూసుకెళ్లి గాలి మింగి కిందికి వస్తాయి. మొదట చూసినప్పుడు టెన్షన్ పడ్డాను. పేగుతో కూడా ఊపిరి తీసుకోగల చేప అది, అలా చేయడం మామూలే.

హీటర్ యాభై వాట్లది, ఈ పరిమాణానికి చాలు. నీళ్లు మార్చే ముందు ప్లగ్ తీసేయాలి, నీటిపైకి వచ్చి వేడెక్కితే గాజు పగులుతుంది. లైటు రోజుకి పది గంటలు వేస్తే నాచు కమ్మేసింది, టైమర్ పెట్టి ఏడు గంటలకి తగ్గించాక అదుపులోకి వచ్చింది. మొక్కల్లో అనూబియాస్, జావా ఫెర్న్ రెండూ ఏమీ అడగవు. లావుపాటి కాండం మాత్రం ఇసుకలో పూడ్చకూడదు, కుళ్లిపోతుంది. కొయ్యకి దారంతో కట్టేస్తే చాలు. నీళ్లే యాభై లీటర్లకు పైన, గాజు, ఇసుక కలిపితే బరువు డెబ్బై ఐదు కిలోలకు దగ్గర. స్టాండు గట్టిదై, సమతలంగా ఉండాలి.

ట్యాంకు మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. కింది కుడి మూలలో సిలికాన్ అంచు లేవడం మొదలైంది. నీళ్లు ఇంకా కారడం లేదు. పాత సిలికాన్ మీద కొత్తది సరిగ్గా అంటుకోదు కాబట్టి, ఆ మూలంతా గీకేసి కొత్తగా వేయాలి. వచ్చే వారం ట్యాంకు ఖాళీ చేస్తున్నాను. సిలికాన్ పూర్తిగా ఆరేదాకా చేపలు పెద్ద టబ్బులో, ఇవే నీళ్లలో, ఇదే స్పాంజ్‌తో ఉంటాయి.