తండ్రి సంతకం లేకుండా: ప్రకటనా, కోర్టా?

హన్మకొండలో ఉంటున్న మా చెల్లెలు పాపతో ఆస్ట్రేలియా వెళ్లాలనుకుంటోంది. భర్త ససేమిరా అంటున్నాడు. అతని అంగీకారం లేకున్నా అనెక్షర్-సి (తల్లిదండ్రుల్లో ఒకరు ఒప్పుకోలేదని రెండోవారు రాసిచ్చే పత్రం) ప్రకటన జతచేసి పాపకు పాస్‌పోర్టు కోసం దరఖాస్తు చేయవచ్చు. సులువే. కానీ వీసా దగ్గర బండి ఆగుతుంది. తండ్రి అంగీకార పత్రమో, కోర్టు ఉత్తర్వో చూపమంటారు.

ఇక ఫ్యామిలీ కోర్టు. వాయిదాలు, వకీలు ఫీజులు, పాప తండ్రితో వీడియో కాల్ ఎప్పుడు మాట్లాడాలి, సెలవుల్లో టికెట్టు ఎవరు కొనాలి అన్నదాకా తేల్చుకోవాలి. విసుగే అయినా నా మొగ్గు ఇటే. చెల్లెలి సంచిలో టీకాల కార్డు, బడి ఫీజు రసీదులు, "పంపను" అన్న అతని వాట్సాప్ సందేశం సిద్ధంగా ఉన్నాయి.

తల్లిదండ్రుల్లో ఒకరు అక్రమంగా వేరే దేశానికి తీసుకెళ్లిన పిల్లల్ని వెనక్కి పంపించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ లేదు కదా, భయమెందుకని మా బాబాయి అంటాడు. కస్టడీ కేసు వినడానికి మన కోర్టుకు ఆ ఒప్పందంతో పనేముంది!