ఆగిపోయిన ఉద్యోగ వేట: అమీర్‌పేట కోచింగా, చీమకుర్తి కొలువా?

డిగ్రీ పూర్తయి నెలలు గడిచినా పిలుపు రాని ఒంగోలు యువత ముందు తరచూ కనిపించే దారులు రెండు: హైదరాబాదు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోచింగ్, లేదా దగ్గరలోని చీమకుర్తి గ్రానైట్ కంపెనీలో లెక్కలు, పత్రాలు చూసే కొలువు.

ఖర్చు: అమీర్‌పేటలో ఫీజుకు తోడు హాస్టల్ అద్దె కూడా ఇంటి నుంచే రావాలి. చీమకుర్తిలో జీతం తక్కువే అయినా నెలనెలా చేతికి అందుతుంది.

శ్రమ: అక్కడ రోజంతా చదువుకే కేటాయించవచ్చు. ఇక్కడ బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ పలకల కొలతలు రిజిస్టరులో ఎక్కించి, లారీ కదిలేలోపు ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు కావాల్సిన జీఎస్టీ పత్రం) సరిచూసి, రాతి దుమ్ముతో ఇల్లు చేరేసరికి పుస్తకం తెరిచే ఓపిక మిగలదు. చేరేముందు ఈ సంగతి ఎవరూ చెప్పరు.

రిస్క్: కోచింగ్ సర్టిఫికెట్ ఒక్కటే చూసి ఉద్యోగమిచ్చేవారు అరుదు. జీఎస్టీ, ఎగుమతి పత్రాల అనుభవం మాత్రం కృష్ణపట్నం పోర్టు పనులకూ అక్కరకొస్తుంది.

కోడింగ్ కొంత వచ్చి, ఆరు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు ఉన్నవారు హైదరాబాదు వెళ్లవచ్చు. బీకాం చదివి, ఇంట్లో అప్పులున్నవారు చీమకుర్తిలో చేరి, సెలవు రోజున దరఖాస్తులు పంపుకోవడం మేలు.